ఎదురు మాట

నోయెల్ మొదటిసారి నా గొంతు నులిమి చంపినప్పుడు నేను అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఇస్త్రీ బల్లకి అటువైపు నిలబడి, రెండు చేతులూ నా మెడ దగ్గరికి తెచ్చి, తాకకుండా ఆపి, "ఇక అరవకు, ఎడిత్" అన్నాడు. ఎడిత్‌ని నేనే. ఎడమచేతిలో మడతపెట్టిన కాగితాలు, కుడిచేతిలో ఇస్త్రీపెట్టె. చావవలసిన చోట చచ్చిపోయి, కాలరు తిరగేసి, మళ్ళీ మొదట్నుంచీ చేద్దామా అని అడిగాను. అక్కర్లేదు, వచ్చేసిందన్నాడు. ఆ హత్య టీవీలో వచ్చిన మర్నాడు మా వీధి చివర మాంసం కొట్టతను నాతో, మీ ఆయన్ని చూసి మా ఆవిడ దీపం ఆర్పనివ్వలేదమ్మా అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది. అబద్ధం ఎందుకు?

నా భర్త నోయెల్ హార్‌గ్రీవ్ నటుడు. పేరు చెబితే ఎవరికీ తెలియదు. ముఖం చూస్తే మాత్రం సూపర్ మార్కెట్లో జనం ఆగి, మిమ్మల్ని ఎక్కడో చూశాం, మా అబ్బాయికి పళ్ళు సరిచేసింది మీరేనా అని అడుగుతారు. ఆ ముఖం అలాంటిది, ఏ వేషమైనా అందులో ఇమిడిపోతుంది. కుర్రతనంలో పోలీసు సీరియళ్ళలో కథ మొదలైన కాసేపటికే కాల్పుల్లో పోయే కానిస్టేబులు. తర్వాత ఒక అంతరిక్ష కథలో రబ్బరు తొడుగు వేసుకుని బల్లుల జాతికి సేనాపతి అయ్యాడు. ఆ ఏడాదంతా అతని మెడ మీద దద్దుర్లు, రోజూ మందు రాసింది నేను. పొద్దుటి పిల్లల కార్యక్రమంలో చేతికి తొడిగిన గుడ్డ బొమ్మతో కబుర్లాడే పెద్దమనిషి కూడా అతనే. ఆపైన ఏళ్ళ తరబడి, ఆదివారం సాయంత్రాలు, యార్క్‌షైర్ కొండల్లో పాత కారేసుకుని తిరిగే పల్లెటూరి డాక్టరు. అది అయిపోయాక హంతకులు, బిషప్పులు వచ్చారు. ఒక అమెరికన్ సినిమాలో తలుపు తీసి "కారు సిద్ధంగా ఉంది" అనే జర్మన్ అధికారి వేషం వస్తే ఆ ఒక్క మాటా వారం రోజులు వంటింట్లో పలికాడు. వయసు మీద పడ్డాక రిటైరైన జడ్జీలు, మతి తప్పిన తాతలు, ఆసుపత్రి సీరియల్లో మంచం మీద కన్నుమూసేవాళ్ళు. "ఈ మధ్య అందరూ నన్ను పడుకోబెడుతున్నారు, గ్లెన్" అంటాడు నవ్వుతూ.

వీటన్నిటికీ అవతలి వైపు నేనున్నాను. నటుడికి తన మాటలు ఒంటబట్టాలంటే ఎదుటివాళ్ళ మాటలు ఎవరో ఒకరు చదివిపెట్టాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేను. బంగాళాదుంపల చెక్కు తీస్తూ బల్లుల మహారాణినయ్యాను. మా అమ్మాయి పిప్‌కి స్నానం చేయిస్తూ, తొట్టి అంచున కాగితాలు తడవకుండా పెట్టుకుని, భర్తను పోగొట్టుకున్న రైతు భార్యగా డాక్టరుగారి ముందు ఏడ్చాను. పిప్ నా ఏడుపు చూసి తనూ ఏడిస్తే దాన్ని నవ్వించడానికి మహారాణి గొంతు పెట్టాల్సి వచ్చింది. ఇక డాక్టరుగారి భార్యగా ఎన్ని చలికాలాలు గడిపానో. టీవీలో ఆ వేషం వేసినామె బాగా చేసేది, మనిషి కూడా మంచిది, మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు గిన్నెలు తుడిచిపెట్టి వెళ్ళింది. కానీ ఆమె ఒక్కో మాట అంటున్నప్పుడు నేను సోఫాలో కూర్చుని, అక్కడ అంత గట్టిగా అనకూడదు, అది లోపలికి అనుకోవాల్సిన మాట, అని మనసులో గొణుక్కునేదాన్ని. పైకి అన్నది ఒక్కసారే. పక్క కుర్చీలో అల్లిక పెట్టుకుని కూర్చున్న మా అత్తగారు సూదులు ఆపకుండానే, "మొదలెట్టావా అమ్మాయ్" అంది. స్టాక్‌పోర్ట్ ఊరి మనిషి. మాట కత్తి, చెయ్యి వెన్న. నాకు జ్వరమొస్తే రైలెక్కి వచ్చి సూపు కాచిపెట్టిందీ ఆవిడే, మా పెళ్ళినాడు కేకు కోస్తుంటే "ఒక ఇంట్లో ఒక నటుడుంటే పండగ, ఇద్దరుంటే పస్తు" అన్నదీ ఆవిడే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకంటే నేనూ అప్పుడు నటినే. స్వాన్సీ నుంచి కార్డిఫ్ వెళ్ళి నేర్చుకున్నాను. ఊరూరా తిరిగే నాటక కంపెనీలో నోయెల్ పరిచయమయ్యాడు. టీవీలో కూడా కనిపించాను, ఒకసారి టోపీలమ్మే పిల్లగా, ఒకసారి కాలువలో తేలిన శవంగా. గడ్డకట్టే నీళ్ళలో ఊపిరి బిగబట్టి పడుకుంటే డైరెక్టరు గట్టు మీద నుంచి, చాలా అందంగా చచ్చిపోయావు పిల్లా అని మెచ్చుకున్నాడు. పిప్ పుట్టిన ఏడాది నాకొక సీరియల్లో అసలైన వేషం వచ్చింది. నర్సు, మాటలున్న నర్సు. ఆ వారమే నోయెల్‌కి డాక్టరు వేషం వచ్చింది. బిడ్డ దగ్గర ఎవరో ఒకరం ఉండాలి కదా. ఈసారికి నేను వెళ్తాను, వచ్చేసారి నువ్వు, అన్నాడు. మోసం చేయాలని అన్న మాట కాదు, నమ్మే అన్నాడు. ఆ వచ్చేసారి రాలేదంతే. నన్నెవరూ ఆపలేదు. ఎవరూ పిలవనూ లేదు. విందుల్లో ఎవరైనా మరి మీరేం చేస్తుంటారని నన్నడిగితే నోయెల్ నా భుజం చుట్టూ చెయ్యి వేసి, నన్ను నిలబెట్టేది గ్లెనిసే అనేవాడు. ప్రేమగానే అనేవాడు. అడిగినవాళ్ళు నా వైపు ఒక చిరునవ్వు పారేసి మళ్ళీ అతని వైపు తిరిగేవారు. ఊతకర్రతో ఎవరు మాట్లాడతారు? అతని ఫోన్లెత్తడం, రైలు టికెట్లు చూడటం, అంత్యక్రియలకీ అవార్డులకీ పనికొచ్చే ఆ ఒక్క నల్ల సూటూ ఉతికించి ఉంచడం, వేషాల్లేని నెలల్లో అతని మౌనాన్ని ఓర్చుకోవడం, వేషాలున్న నెలల్లో అతని మాటల్ని ఓర్చుకోవడం. ఈ పనికి పేరు లేదు. పేరు లేని పనికి సెలవు కూడా ఉండదు.

మేం లండన్ వదిలి హేస్టింగ్స్ వచ్చి స్థిరపడ్డాం. పోయిన వసంతంలో నోయెల్‌కి ఒక సినిమా కాగితాలొచ్చాయి. ఉత్తర తీరంలో పడవ నడిపి రిటైరైన ముసలాయన. ఒక పొద్దున టీ తాగుతుండగా అతని భార్య, నేనిక ఇక్కడ ఉండను, మా చెల్లెలి దగ్గరికి వెళ్తున్నానని చెబుతుంది. అక్కడ్నుంచీ కథ. తీసేది షోనా అనే స్కాట్లండ్ ఆవిడ, చిన్న సినిమాలే తీస్తుంది, చూసినవాళ్ళు మర్చిపోరు. నోయెల్ ఆ కాగితాలు చదివి కళ్ళద్దాలు తీసి చాలాసేపు కిటికీలోంచి చూశాడు. "ఇందులో నేను చావను, గ్లెన్. కూర్చుని వింటానంతే. అది నాకు చేతనవును" అన్నాడు. అతను ఒక వేషం కోసం అంత ఆశపడటం చూసి చాలా ఏళ్ళయింది. నాకు జాలేసింది, భయమూ వేసింది.

ఈ రోజుల్లో వేషానికి పరీక్ష అంటే ఎవరూ లండన్ రమ్మనరు. ఇంట్లోనే ఫోనుతో తీసి పంపాలి, దాన్నే టేపు అంటారు. ఆదివారం భోజనాలయ్యాక పిప్ వచ్చి, వంటింట్లో ఫోనుని కడ్డీకి బిగించి, వాళ్ళ నాన్నని కిటికీ వెలుగులో కూర్చోబెట్టింది. నేను ఫోనుకి ఇవతల, కనబడకుండా. తెర మీదికి వెళ్ళేది అతని ముఖం, నా గొంతు. మొదటిసారి అతను తొందరపడ్డాడు. రెండోసారి చక్కగా వచ్చింది. ఇంకొక్కటి చేద్దాం అన్నాడు. మూడోసారి నేను కాగితం చూడలేదు. ఒళ్ళో పెట్టుకుని, "టీ తాగెయ్. తాగాక చెబుతాను" అన్నాను. అతను తాగాడు. చెప్పాను. దానికి అతను "ఎన్నాళ్ళు?" అని అడగాలి. మర్చిపోయాడు. అతను మర్చిపోయినప్పుడల్లా నా పెదవులు వాటంతట అవే కదిలి మొదటి అక్షరం అందిస్తాయి, నా ప్రమేయం ఉండదు. ఆరోజు అందించలేదు. ఆ కథలో ఆవిడ అందించదు కదా, ఆవిడ కూడా అందించీ అందించీ అలిసిపోయే కదా లేచింది, అనిపించింది. ఊరికే అతన్ని చూస్తూ కూర్చున్నాను. ఇంటి కప్పు మీద సముద్రపు కాకి ఒకటి నడుస్తున్న చప్పుడు. నోయెల్ నన్ను చూశాడు. చివరికి, కాగితంలో లేని మాట అన్నాడు.

"నేనేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదు" అన్నాను.

పిప్ ఫోను ఆపడం మర్చిపోయింది. కాసేపయ్యాక, అమ్మా అది కాగితంలో ఉందా అని అడిగింది. లేదన్నాను. రెండోది పంపండి, అది శుభ్రంగా ఉంది, అని చెప్పి గిన్నెలు కడగడానికి లేచాను.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున ఫోను మోగింది. నోయెల్ క్షౌరానికి వెళ్ళాడు, ఫోను బల్ల మీద వదిలేశాడు. నేనెత్తి, నోయెల్ హార్‌గ్రీవ్ ఫోనండీ అన్నాను అలవాటుగా. అవతల వేషాలకి మనుషుల్ని వెతికే ఆవిడ, టెమి అడెబాయో అని. చాలా మర్యాదగా, భర్త వేషం వేరొకరికి ఇచ్చారని చెప్పింది. అతనికి వచ్చే కాదనడాలన్నీ మొదట నా చెవిలోనే పడతాయి, వాటికోసం నా దగ్గర ఒక గొంతు ఉంది. ఆ గొంతుతో ఫరవాలేదండీ, చెప్పినందుకు థాంక్స్ అన్నాను. పెట్టేయబోతుంటే ఆగమంది.

"ఆ టేపులో చదివినావిడ ఎవరండీ?"

"నేనే. అతని భార్యని."

"అది సరేనండీ. మీరెవరు?"

ఆవిడే మాట్లాడింది. భార్య వేషానికి షోనా చాలామందిని చూసిందట. అందరూ ఆ వెళ్తున్నాననే మాటని కోపంగా అంటున్నారట, కాకపోతే ఏడుస్తూ. మీరు కిటికీ మూస్తున్నట్టు అన్నారు, షోనా మిమ్మల్నే అనుకుంటోంది, గురువారం లండన్ వచ్చి కలుస్తారా అంది. పొయ్యి మీద గిన్నె ఉందండీ, మళ్ళీ చేస్తాను, అని పెట్టేశాను. పొయ్యి మీద ఏ గిన్నే లేదు. వంటింట్లో నిలబడి నా చేతులు చూసుకున్నాను. మొదట వచ్చింది సంతోషం కాదు. పసివాడికి నోరు కాలకుండా అన్నం ఎలా పెట్టాలా అని ఆలోచించే మనిషిలా, ఇది నోయెల్‌కి ఎలా చెప్పాలి అన్నది మొదట వచ్చింది. అతనికి రానిది నాకొచ్చిందని ఏ మాటలతో చెబితే తక్కువ నొప్పి? చెప్పకుండా వద్దనేస్తే? ఎవరికీ తెలియదు. వద్దనడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది, ఆ తేలికతనం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ నేను చేసిన త్యాగాలనుకున్నవాటిలో ఎన్ని ఇలా తేలిగ్గా అయిపోయాయో. అడగకముందే నేనే ఇచ్చేసినవి ఎన్నో.

మధ్యాహ్నం ఇద్దరం ఒడ్డుకి నడిచాం. చేపల పడవలు గులకరాళ్ళ మీదికి లాగి ఉన్నాయి, వలలు ఆరబెట్టారు. ఒక పడవ నీడన కూర్చున్నాం. రెండు వార్తలూ వరసగా చెప్పేశాను, ముందు అతనిది, తర్వాత నాది. నోయెల్ ముఖం వెలిగిపోయింది. "అద్భుతం, గ్లెన్" అన్నాడు. ఆ వెలుగు నాకు తెలుసు, బిషప్ వేషంలో వాడింది. ఆ ముఖం కాసేపు నిలబెట్టుకుని, ఇక నిలవక, దించేసుకున్నాడు. కింద అతని అసలు ముఖం బయటపడింది, చిన్నబోయి, ముసలిదై. నేను అతని చెయ్యి పట్టుకున్నాను. సముద్రం రాళ్ళని లాగి వదులుతోంది.

"రెండో టేపులో నా గొంతు వాళ్ళకంత బాగా ఎలా వినపడిందో" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"రెండోది కాదు. మూడోది పంపాను."

"అందులో నువ్వు మాట మర్చిపోయావు కదా?"

"మర్చిపోయాను. పిప్ కూడా వద్దంది." ఒక గులకరాయి తీసి అటూ ఇటూ తిప్పాడు. "అందులో నువ్వు బాగున్నావు, గ్లెన్. నాకంటే. ఎప్పుడూ నాకంటే బాగానే చేస్తావు."

"ఎప్పట్నుంచి తెలుసు నీకిది?"

"డాక్టరు వేషం రోజుల నుంచీ. అంతకుముందు నుంచే అనుకుంటా."

"మరి ఒక్కసారి కూడా అనలేదే?"

అతను గులకరాయిని వేళ్ళతో రుద్దుతూ కూర్చున్నాడు. నేను అందించలేదు.

"అని ఉంటే నువ్వు వెళ్ళిపోయేదానివి" అన్నాడు. "నాకెవరు చదివిపెట్టేవారు?"

ఇన్నేళ్ళ కాపురంలో నోయెల్ నాతో చాలా మంచి మాటలన్నాడు. కొన్ని కటువైనవీ అన్నాడు. ఇంత నిజమైన మాట అనలేదు. అతనికి తెలియదనుకునే నేను బతికాను. తెలియనివాణ్ణి క్షమించడం సులువు. పనిలో మునిగిపోయిన మనిషి, పక్కన ఉన్నదాన్ని గమనించలేదు, మగవాళ్ళింతే, అని సర్దుకోవచ్చు. గమనించాడట. వంటింట్లో, స్నానాల గదిలో, ఇస్త్రీ బల్లకి అటువైపు, నేను పలికిన ప్రతి మాటా విన్నాడట. విని, మంచి దుప్పటిని పెట్టెలో దాచుకున్నట్టు దాచుకున్నాడట. కోపం వచ్చింది. అదే సమయంలో, అతని కోటు కాలరు మీద క్షౌరం వెంట్రుకలు రాలి ఉంటే నా చెయ్యి దులపడానికి వెళ్ళింది. నేను ఆపుకోలేదు. రెండూ నావే. కోపం వచ్చిందని ప్రేమ పోలేదు. ప్రేమ ఉందని కోపాన్ని ఆర్పుకోదలచుకోలేదు. తనకి వేషం రాదని తెలిసీ మూడోది పంపాడంటే అది చిన్న విషయం కాదు. దాన్ని దానం అనుకోవడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. నాది నాకు, ఆలస్యంగా, తిరిగొచ్చింది.

"ఇప్పుడెందుకు పంపావు?" అన్నాను.

"నువ్వు మాట అందించకుండా కూర్చున్నావే, అప్పుడు భయమేసింది నాకు. నిజంగా వెళ్ళిపోయావనుకున్నాను" అన్నాడు. "వెళ్ళకుండానే."

లండన్ వెళ్ళాను. షోనా నాకంటే పొట్టిగా ఉంది, చేతులు జేబుల్లోంచి తియ్యదు. ఆ ముక్క మళ్ళీ చెప్పించుకుని, ఇంకేమీ అడగలేదు, షూటింగుకి చలి బట్టలు తెచ్చుకోండి అంది. ఇంటికొచ్చాక నోయెల్ కాగితాలు తీసుకుని ఎదురుగా కూర్చోబోయాడు, నేను చదివిపెడతాను, ఇప్పుడు నా వంతు అని. వద్దన్నాను. నెమ్మదిగానే అన్నాను. ఒక్కదాన్నే నేర్చుకుంటానని చెప్పి కాగితాలు తీసుకుని ఒడ్డుకి వెళ్ళాను. ఎదుటి మాటలు కూడా నేనే మనసులో అనుకుంటూ నా మాటలు మాత్రం పైకి అన్నాను. వలలు బాగుచేసుకునేవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. బయల్దేరేముందు ఫ్రిజ్‌లో ఏముందో, బాయిలరు ఎలా తిప్పాలో అతనికి ఏమీ చెప్పలేదు. అడగబోయి మానేశాడు. నా బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు, స్టేషను దాకా సంచి మోశాడు. రైలు కదిలేముందు, "నీకు పాదాలు చల్లబడతాయి, రెండు జతల మేజోళ్ళు తొడుక్కో" అన్నాడు.

నార్తంబర్లాండ్‌లో సముద్రం మా సముద్రంలా ఉండదు, ఉక్కు రంగు. ఒడ్డున నిజం ఇల్లే ఒకటి తీసుకున్నారు, నిజం వంటిల్లు, జనంతో కిక్కిరిసి ఉంది. నా భర్తగా ఆంబ్రోస్ కెల్ అనే పెద్ద నటుడు, కుదురైన మనిషి. మొదటిరోజు ఆ టీ ఘట్టమే. ముందు కెమెరా అతని మీద పెట్టారు. నేను కెమెరా పక్కన కుర్చీలో కూర్చుని నా మాటలు చెప్పాను, అతను విన్నాడు. ఎంత బాగా విన్నాడంటే అయిపోయాక ఎవరో ముక్కు తుడుచుకున్నారు. నాకు హాయిగా ఉంది. ఇది నాకు పుట్టుకతో వచ్చిన పనిలా ఉంది, మరొకరి ముఖం మీద వెలుగు పడుతుంటే చీకట్లోంచి మాట ఇవ్వడం.

తర్వాత, ఇక ఆవిడ వైపు, అని ఎవరో అన్నారు. అందరూ లేచారు. లైట్లు, తెరలు, పట్టాలు, అన్నీ గదికి అటు చివరికి జరిగాయి. కెమెరా మొహం తిప్పింది. ఆంబ్రోస్ వేషం పని ఆ పూటకి అయిపోయింది, వెళ్ళి పడుకోవచ్చు. వెళ్ళలేదు, ఒక ముక్కాలిపీట లాక్కుని కెమెరా పక్కన చతికిలబడ్డాడు. నేనూ నా కుర్చీ ఎత్తుకుని వెళ్ళి అతని పక్కనే వేసుకుని కూర్చున్నాను. కాగితాలు ఒళ్ళో సర్దుకున్నాను. గదంతా ఎదురుచూస్తోంది. దేనికోసమో నాకు అర్థం కాలేదు.

కొలత టేపు పట్టుకున్న ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. ముఖం స్పష్టంగా రావాలంటే కెమెరాకీ మనిషికీ మధ్య దూరం కొలవాలి, అది ఆవిడ పని. నా వయసుకి కాస్త తక్కువ ఉంటుందేమో. వంగి, ఎవరికీ వినపడకుండా, "ఇటు కాదమ్మా, మీరు అటు" అంది.

లేచాను. ఎవరూ నవ్వలేదు. లైట్ల మధ్యగా నడిచి వెళ్ళి బల్ల దగ్గర, కిటికీ వైపు, కూర్చున్నాను. కళ్ళు చెదిరాయి. వెలుగుకి అవతల ఎవరున్నారో కనబడటం లేదు, ఆంబ్రోస్ ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆవిడ టేపు ఒక కొస కెమెరా దగ్గర ఆనించి రెండో కొస నా కంటి దాకా లాగింది. చర్మానికి తగలకుండా, అతి జాగ్రత్తగా, నా ముఖం ఎక్కడుందో కొలుచుకుంది. దూరం గట్టిగా చెప్పింది. ఎవరో దాన్ని మళ్ళీ పలికారు. చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

"మీకెప్పుడనిపిస్తే అప్పుడు మొదలెట్టండి, గ్లెనిస్" అంది షోనా.

నేను తొందరపడలేదు.